హబ్బులకే పబ్బం

ఉన్నోడికే ఇంకా వస్తుంది. ఈ సంగతి తెలియడానికి మీకు పీహెచ్‌డీ కావాలా? తహసీల్దారు ఆఫీసు ముందు ఓ పూట నిలబడితే చాలదూ? చాలదు. విశ్వవిద్యాలయం గడప దాటాలంటే ఏ నిజమైనా సమీకరణం తొడుక్కునే రావాలి. ఈ నిజానికి ఆ తొడుగు 1999లో దొరికింది. బారాబాసి, రేకా ఆల్బర్ట్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు అమెరికా పత్రిక 'సైన్స్'లో రాశారు. నెట్‌వర్కులోకి కొత్తగా వచ్చే ప్రతివాడూ అప్పటికే పదిమంది పరిచయాలున్నవాడి పక్కనే చేరతాడట. అలా కొద్దిమంది చుట్టూ వేల గీతలు పేరుకుంటాయి. మిగిలినవాళ్లకు ఒకటో రెండో. ఆ కొద్దిమందికి పెట్టిన పేరు హబ్. నెట్‌వర్క్ సైన్స్ అనే కొత్త చదువు ఈ పునాది మీదే గోడలు లేపింది.

తమాషా ఏమిటంటే ఈ మాట మొదట చెప్పింది వాళ్లు కాదు. జీవజాతుల లెక్కల్లో ఉడ్నీ యూల్ 1925లోనే ఈ గణితం చూపించాడు. 1955లో హెర్బర్ట్ సైమన్ ఇంకోసారి చూపించాడు. పరిశోధన పత్రాలకు వచ్చే సైటేషన్ల మీద 1976లో డెరెక్ డి సొల్లా ప్రైస్ అచ్చం ఇదే నమూనా కట్టాడు. వీళ్ల పేర్లు మీరెప్పుడైనా విన్నారా? 1999 పత్రానికి సైటేషన్లు పదివేలల్లో ఉన్నాయి. ఉన్నోడికే వస్తుందన్న సిద్ధాంతం తాలూకు కీర్తి కూడా ఉన్నోడికే పోయింది. ఇంతకన్నా మంచి రుజువు ప్రయోగశాలలో దొరుకుతుందా?

ఇంకోటి వినండి. పేరున్న శాస్త్రవేత్తకే ఘనత దక్కుతుందని 1968లో రాబర్ట్ మెర్టన్ ఓ వ్యాసం రాసి ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. ఆ వ్యాసానికి ముడిసరుకు హారియెట్ జుకర్‌మన్ అనే పరిశోధకురాలు నోబెల్ గ్రహీతలతో చేసిన ఇంటర్వ్యూలు. వ్యాసం మీద ఆమె పేరు లేదు. ఆమెను సహరచయితగా పెట్టాల్సిందని ఆయన తర్వాతెప్పుడో ఒప్పుకున్నాడు. పాపం, మనిషి నిజాయితీపరుడే. తీరిగ్గా నిజాయితీపరుడు.

సరే, అమెరికా ముచ్చట్లు అలా ఉంచుదాం. రోగ లక్షణాలు రాసిపెట్టిన ఈ నెట్‌వర్క్ సైన్స్ పుస్తకాన్ని మన విద్యా పాలకులు వంటల పుస్తకంలా చదివారు. అదీ మన బాధ.

అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ అని ఒకటుంది. 2023లో పార్లమెంటు చట్టం చేసి పెట్టింది. ఐదేళ్లలో 50 వేల కోట్లన్నారు. చప్పట్లు కొట్టేశారా? ఆగండి. అందులో సర్కారు వాటా 14 వేల కోట్లు. మిగతా 36 వేల కోట్లు పరిశ్రమలు, దాతలు తెచ్చి పోస్తారట. ప్రకటన వీళ్లది, చెల్లింపు వాళ్లది. దేశ స్థూలోత్పత్తిలో పరిశోధన మీద మనం పెట్టేది 0.64 శాతం. దక్షిణ కొరియా 5 శాతానికి దగ్గర్లో పెడుతోంది. మనం విశ్వగురువులం కదా, గురువులకు ఖర్చెందుకు?

ఈ ఫౌండేషన్ 2024లో 'పెయిర్' అనే పథకం పెట్టింది. దాని పద్ధతి పేరు హబ్ అండ్ స్పోక్. ర్యాంకుల్లో పైనున్న సంస్థ హబ్. కిందున్న విశ్వవిద్యాలయాలు స్పోకులు. హబ్ చెయ్యి పట్టుకుని స్పోకు పైకి రావాలి. ఉద్దేశం చెడ్డదనను. కాగితం మీద చెడ్డ ఉద్దేశం మీరెక్కడైనా చూశారా? నా ప్రశ్న చిన్నది. హబ్ చెయ్యి చాపుతుంది సరే, అందుకోవడానికి స్పోకులో మనిషుండాలి కదా? తెలుగు రాష్ట్రాలు రెంటిలోనూ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మంజూరైన బోధన పోస్టుల్లో సగానికి పైగా ఖాళీ. ఎవరి చెయ్యి ఎవరు పట్టుకుంటారు?

హబ్ నుంచి పెద్ద ప్రొఫెసర్ గారు స్పోకుకు ఫోన్ చేశారనుకోండి.

"మీ దగ్గర ఈ ప్రాజెక్టు ఎవరు చూస్తారండీ?"

"నేనే సార్."

"ఓసారి మీ హెచ్‌వోడీ గారికి ఇస్తారా?"

"అదీ నేనే సార్."

"మరి ల్యాబ్ ఇన్‌చార్జి?"

"నేనే సార్. కొంచెం గట్టిగా చెప్పండి సార్, హాస్టల్ మెస్సు దగ్గరున్నా. వార్డెన్ చార్జి కూడా నాదే. పప్పులో పురుగొచ్చిందని పిల్లలు ధర్నా చేస్తున్నారు."

ఆ ప్రొఫెసర్ గారు మంచివారే అయ్యుండొచ్చు. ఏం చేస్తారు? నివేదికలో 'స్పోకుతో నిరంతర సంప్రదింపులు' అని రాస్తారు. అబద్ధం కూడా కాదు.

హబ్బుల మీద ఇంత మోజు పడ్డవాళ్లు ఆ పుస్తకంలో తర్వాతి అధ్యాయం చదివారా? 2000లో బారాబాసి బృందమే 'నేచర్'లో ఇంకో పత్రం వేసింది. హబ్బుల మీద నిలబడ్డ నెట్‌వర్కులో ఏదో ఒక బిందువును గుడ్డిగా తీసేస్తే ఏమీ కాదు. హబ్‌ను ఏరి కొడితే మొత్తం ముక్కలు ముక్కలు. 2025 సెప్టెంబరులో మూసీ పొంగి మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్లొచ్చిన రాత్రి హైదరాబాద్ ప్రయాణికులకు ఈ పాఠం ఫీజు లేకుండా అందింది. రాష్ట్రం నలుమూలల బస్సుల్ని తెచ్చి నది మధ్యనే ఎందుకు కలిపారని అడగకండి. హబ్ అంటే అంతే.

అంతకన్నా పెద్ద పాఠం 2012లో దేశం మొత్తానికి చెప్పారు. జులై 30, తెల్లవారుజాము రెండున్నర. బినా, గ్వాలియర్ మధ్య 400 కేవీ లైన్ ట్రిప్ అయింది. ఆ భారం పక్క లైన్ల మీద పడింది. అవీ చేతులెత్తేశాయి. ఉత్తరాది గ్రిడ్ మొత్తం పడుకుంది. కిందా మీదా పడి లేపారు. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ పడింది. ఈసారి ఒంటరిగా కాదు, తూర్పునూ ఈశాన్యాన్నీ వెంట తీసుకెళ్లింది. 60 కోట్ల మందికి పైగా కరెంటు లేదు. ఎంతమందికి పోయిందన్న లెక్కన ప్రపంచంలో అంత పెద్ద చీకటి అంతకుముందు ఎప్పుడూ పడలేదు. దీన్నే పుస్తకం క్యాస్కేడింగ్ ఫెయిల్యూర్ అంటుంది. ఒకటి పడి పక్కదాన్ని పడేయడం, అది ఇంకోదాన్ని పడేయడం.

మరి దక్షిణాదికి ఏమీ కాలేదే? మనవాళ్లు మొనగాళ్లనా? అబ్బే. మన గ్రిడ్ అప్పటికింకా మిగతా దేశపు ఫ్రీక్వెన్సీలో కలవలేదు. రాయచూరు, షోలాపూర్ లైనుతో కలిసింది 2013 డిసెంబరు 31న. తీగ వెయ్యడంలో జరిగిన ఆలస్యమే ఆనాడు మనల్ని కాపాడింది. సర్కారు జాప్యానికి ఇలాంటి ఘనత అరుదు, రాసిపెట్టుకోండి. అయినా ఉమ్మడి రాష్ట్రంలో మనకు వేరే కోటాలో చీకటి సరఫరా అయ్యేది. ఆ ఏడాదే పరిశ్రమలకు వారంలో కొన్ని రోజులు పవర్ హాలిడే అన్నారు. హాలిడే! ఆ పేరు పెట్టినవాడికి దండం పెట్టాలి.

గ్రిడ్ కూలడం మీద వేసిన విచారణ సంఘం ఏం తేల్చింది? కొన్ని రాష్ట్రాలు తమ వాటా మించి లాగేశాయి. తగ్గించండి బాబూ అని ప్రాంతీయ లోడ్ డిస్పాచ్ కేంద్రం చెబుతుంటే రాష్ట్ర కేంద్రాలు సరిగా చెవిన పెట్టలేదు. అంటే తీగలకన్నా ముందు మాట తెగింది. మరి బాధ్యులెవరు? జులై 31న, రెండోసారి గ్రిడ్ కూలిన రోజే, అప్పటి విద్యుత్ మంత్రి సుశీల్ కుమార్ షిండేను హోం మంత్రిని చేశారు. గ్రిడ్ కింద పడింది. మంత్రి పైకి లేచారు. దీనికి సమీకరణం ఏ పుస్తకంలోనైనా ఉందా?

ఇంత పెద్ద ప్రయోగం మన గడ్డ మీద జరిగింది కదా. నెట్‌వర్క్ సైన్స్ చెప్పే ఇంజనీరింగ్ కాలేజీలో దాన్ని కదా పిల్లలతో విప్పి చూపించాలి? లోపలికి వెళ్లి చూద్దాం రండి.

ల్యాబ్‌లో కరాటే క్లబ్ నడుస్తోంది.

నవ్వకండి. నిజం. 1970ల్లో ఓ అమెరికా విశ్వవిద్యాలయంలో కరాటే క్లబ్ ఉండేది. 34 మంది సభ్యులు. కోచ్‌కీ అధ్యక్షుడికీ పడలేదు. క్లబ్ రెండుగా చీలింది. వేన్ జాకరీ అనే ఆయన ఎవరికి ఎవరితో స్నేహమో గీసి, 78 గీతల ఆ బొమ్మతో 1977లో పత్రం వేశాడు. మంచి పత్రం. అర్ధ శతాబ్దం కిందటి మంచి పత్రం. ప్రపంచమంతా అప్పట్నుంచీ ఆ 34 మందినే చీలుస్తోంది. సదస్సులో ఈ ఉదాహరణ మొదట వాడిన వక్తకు ఆ రంగం వాళ్లే ఓ వెక్కిరింపు ట్రోఫీ కూడా పెట్టుకున్నారు. వాళ్లది వెక్కిరింత. మన దగ్గర సిలబస్. సోషల్ నెట్‌వర్క్ అనాలిసిస్ అనే ఎలక్టివ్. చేరేవాళ్లలో కొందరు రౌటర్లూ కేబుళ్లూ అనుకుని చేరతారు. ఇంకొందరు ఇన్‌స్టాగ్రామ్ అనుకుని చేరతారు. ఎక్కువమంది 'అందులో ఈజీగా పాస్ చేస్తారంటరా' అని చేరతారు. వీళ్లొక్కరే దాని గురించి సరైన సమాచారంతో వచ్చినవాళ్లు. చెప్పేదెవరు? కిందటి సెమిస్టరులో ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పిన మేడమే. ఆవిడ తప్పేముంది? సోమవారం పొద్దున చేతిలో పెట్టారు, బుధవారం నుంచి క్లాసన్నారు. నాలుగు లైన్ల కోడ్ నెట్‌లోంచి దింపి నడిపితే 34 చుక్కలు రెండు రంగుల్లోకి విడిపోతాయి. రికార్డు రాయాలి. సంతకం పెట్టించుకోవాలి. అయిపోయింది, సంక్లిష్ట వ్యవస్థల అధ్యయనం.

కాలేజీ గోడ అవతల ఏముంది? చెరువుంది. దాని కింద ఇంకో చెరువుంది. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండాలి, అది అలుగు పారితే దాని కిందిది నిండాలి. గొలుసుకట్టు చెరువులు. కాకతీయుల నాటి పాకాల, రామప్ప మొదలుకొని ఊరూరి కుంట దాకా తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులున్నాయని మిషన్ కాకతీయ నాడు సర్కారే లెక్క చెప్పింది. వీటిలో ఏది దేనికి నీళ్లిస్తుంది? ఏ కాలువ మూస్తే ఏ ఊరు మునుగుతుంది? ఏ కట్ట తెగితే దాని కింద ఎన్ని కట్టలు తెగుతాయి? ఇంతకన్నా కమ్మని నెట్‌వర్క్ సమస్య భూమ్మీద ఉందా? ఊళ్లో నీరటికాడికి ఇది నోటి లెక్క. ఏ తూము ఎప్పుడెత్తాలో, ఏ మత్తడికి ఎన్ని అంగుళాల నీళ్లు ఆగుతాయో అతను రాత్రి నిద్రలో చెబుతాడు. అతన్ని ఎవరూ సెమినార్‌కు పిలవరు. పిలిస్తే టీఏ ఏ హెడ్డులో రాయాలో అకౌంట్స్ సెక్షన్‌కు తెలియదు.

2020 అక్టోబరులో హైదరాబాద్ పాతబస్తీకి ఈ లెక్క ఇంటికొచ్చి మరీ చెప్పారు. పల్లె చెరువు తెగింది. నాలుగు రోజులకు గుర్రం చెరువు తెగింది. కాలనీలకు కాలనీలే నీళ్లలో. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి మునిగింది. రెండు ఊళ్లలోనూ ఇంజనీరింగ్ కాలేజీలు వీధికొకటున్నాయి. మునిగిన తర్వాత పడవల్లో పాలపాకెట్లు పంచింది ఆ కాలేజీల పిల్లలే. మునగక ముందు వాళ్ల చేత ఏం గీయించారు? కరాటే క్లబ్.

ఎవరైనా కుర్ర లెక్చరర్‌కు ఉత్సాహం పుట్టి, చెరువుల గొలుసు మీద పని చేద్దామనుకున్నాడే అనుకోండి. డేటా ఎవరిస్తారు? నీటిపారుదల శాఖ రెవెన్యూనడగమంటుంది. రెవెన్యూ మున్సిపాలిటీ మీదికి తోస్తుంది. చెరువు పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) హద్దుల మ్యాపు మీద కోర్టులో కేసుంటుంది. ఆ చెరువులో వెంచర్ వేసిన వారి పేరు కాలేజీ గవర్నింగ్ బాడీలో ఉంటే? అక్కడితో సంక్లిష్టత అంతా తీరి, విషయం చాలా సరళమైపోతుంది. అతను మళ్లీ 34 మంది దగ్గరికే వస్తాడు. వాళ్లమీద కేసుల్లేవు.

పాలకులకు సంక్లిష్ట వ్యవస్థల శాస్త్రం అస్సలు అక్కర్లేదనుకోకండి. అక్కర్లేనిది దాని హెచ్చరిక మాత్రమే. జోస్యమైతే కావాలి. 2020లో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ కరోనా లెక్కలకు ఓ కమిటీ వేసి జాతీయ సూపర్ మోడల్ అంది. పీక్ దాటేశాం, జాగ్రత్తలన్నీ పాటిస్తే వచ్చే ఏడాది ఫిబ్రవరి కల్లా కేసులు నామమాత్రమని ఆ కమిటీ 2020 అక్టోబరులో చెప్పింది. వాక్యం మధ్యలో 'పాటిస్తే' ఉంది చూశారా? దేశం మొత్తం మీద ఆ ఒక్క మాటే ఎవరికీ వినబడలేదు. జనవరిలో ప్రధాని దావోస్ వేదికకు మానవాళిని పెద్ద విపత్తు నుంచి కాపాడామని చెప్పారు. ఏప్రిల్లో కుంభమేళా, ఎన్నికల సభలు. మే మొదటి వారంలో ఒక్క రోజులో 4 లక్షలకు పైగా కేసులు. ఆక్సిజన్ సిలిండర్ కోసం మీరు ఎవరెవరికి ఫోన్లు చేశారో మీకు గుర్తుండే ఉంటుంది. అదీ నెట్‌వర్కే. అదే సంవత్సరం సంక్లిష్ట భౌతిక వ్యవస్థల మీద పనికే ముగ్గురికి భౌతిక శాస్త్ర నోబెల్ ఇచ్చారు. మన సదస్సుల్లో దాని మీద ఘనంగా ఉపన్యాసాలు జరిగాయి. ఆన్‌లైన్‌లో.

ఇక అసలు పంట పండే చోటికి వద్దాం. పరిశోధన పత్రాలు.

ఏ కాలేజీ గేటు చూసినా ఫ్లెక్సీ. 'ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో మన ప్రొఫెసర్ గారు'. పక్కన చైర్మన్ గారి ఫొటో. శాస్త్రవేత్త ఫొటో కన్నా చైర్మన్ ఫొటో పెద్దది, అది వేరే శాస్త్రం. ఈ జాబితా దేన్నిబట్టి కడతారు? సైటేషన్లను బట్టి. సైటేషన్లు ఎలా వస్తాయి? ప్రైస్ చెప్పినట్టు ఉన్నోడికే వస్తాయి. లేనోడో? లేనోళ్లు నలుగురు కలుస్తారు. నేను నిన్ను ఉటంకిస్తా, నువ్వు అతన్ని, అతను నన్ను. చెన్నైలో ఓ దంత వైద్య కళాశాల ఇంకో మెట్టెక్కింది. విద్యార్థుల చేత పరీక్షల్లోనే పరిశోధన పత్రాలు రాయించి, వాటిలో సొంత కాలేజీ పత్రాలనే ఉటంకించుకున్న వైనాన్ని 2023లో 'సైన్స్' పత్రిక బయటపెట్టింది. మన చిట్‌ఫండ్ బుర్రలు సామాన్యమైనవి కావు.

యూజీసీ కళ్లు మూసుకుందా? పాపం, తెరుస్తూ మూస్తూనే ఉంది. పీహెచ్‌డీకి పత్రం అచ్చవ్వాల్సిందే అన్నారు. అనగానే పత్రికలు పుట్టుకొచ్చాయి. ఆమోదించిన పత్రికల జాబితా పెట్టారు. 2018 మేలో అదే జాబితాలోంచి 4,305 పత్రికల్ని తీసిపారేశారు. నాలుగు వేల మూడొందల అయిదు! పెట్టినప్పుడు చూడలేదా? తర్వాత కేర్ అని కొత్త జాబితా. 2022లో పీహెచ్‌డీకి పత్రం అచ్చు తప్పనిసరి కాదన్నారు. 2025లో కేర్ జాబితాకూ సెలవన్నారు. ఇన్ని మలుపుల మధ్య వాట్సాప్ గ్రూపుల్లో బేరం మాత్రం ఎక్కడా ఆగలేదు. 'మూడో రచయిత స్థానం ఖాళీ, త్వరపడండి.' పోస్టులు ఖాళీగా ఉన్న దేశంలో భర్తీ అయ్యే ఖాళీ అదొక్కటే.

ఇందులో నెట్‌వర్క్ సైన్స్‌కు ఏం పని అంటారా? దొంగల్ని పట్టే పని. పత్రికలు ఒకదాన్నొకటి అసహజంగా ఉటంకించుకునే ముఠాల్ని సైటేషన్ల గ్రాఫులోంచి ఏరే పద్ధతిని 2021లో ముగ్గురు పరిశోధకులు కట్టి చూపించారు. ఎక్కువ సైటేషన్లున్న శాస్త్రవేత్తల జాబితా ఏటా వేసే క్లారివేట్ సంస్థ 2023లో వెయ్యికి పైగా పేర్లు పక్కన పెట్టింది. గణితాన్ని జాబితాలోంచి పూర్తిగా ఎత్తేసింది. అర్థమైందా? లెక్కల శాస్త్రంలో లెక్కలు నమ్మలేకపోయారు. పనిముట్లు ఇంత స్పష్టంగా ఉన్నాయి. మన విశ్వవిద్యాలయాల్లో వాటిని నేర్పే సెంటర్లున్నాయి. సొంత క్యాంపస్ సైటేషన్ల గ్రాఫు గీసి నోటీసు బోర్డుకు అంటించిన సెంటర్ మీకెక్కడైనా తగిలిందా? గీస్తే మధ్యలో పెద్ద చుక్క ఎవరిదవుతుందో అందరికీ తెలుసు. అందుకే గీయరు. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల వాళ్లు 2025లో, ఉపసంహరించుకున్న పత్రాలకు మార్కులు కోస్తామని మొదలుపెట్టారు. సంతోషం. అచ్చయినప్పుడు ర్యాంకు ఇచ్చిందీ వాళ్లే.

శాస్త్రం మరీ అమాయకమైందేం కాదు లెండి. ఓ పదిహేనేళ్లు ప్రపంచంలో ఎక్కడ చూసినా పవర్ లా, అంటే కొద్దిమందికే వేల గీతలుండే ఆ లెక్క, కనిపించింది వీళ్లకు. ఇంటర్నెట్‌లో, ప్రోటీన్లలో, సినిమా తారల్లో. తీరా ఆన్నా బ్రాయిడో, ఏరన్ క్లాజెట్ దాదాపు వెయ్యి నెట్‌వర్కుల్ని పరీక్షకు పెట్టి 2019లో ఫలితం చెప్పారు. గట్టి రుజువుతో ఆ కోవలోకి వచ్చినవి 4 శాతం. గొడవ గొడవైంది. ఇంకా నడుస్తోంది. కానీ ఒకటి గమనించండి. వాళ్ల దగ్గర డేటా బయట పెడతారు, ఒకడు కట్టింది ఇంకొకడు కూలుస్తాడు, పేరు పెట్టి మరీ కూలుస్తాడు. మన సదస్సులో హబ్ గారి స్లైడ్ మీద ఒక ప్రశ్న వేసి చూడండి. 'మంచి ప్రశ్న, టీ విరామంలో మాట్లాడుకుందాం' అంటారు. టీ విరామంలో మీ గైడ్ మిమ్మల్ని పక్కకు తీసుకెళ్లి మాట్లాడతారు.

ఉద్యోగాల సంగతి? ఉద్యోగాలు దగ్గరి స్నేహితుల ద్వారా కన్నా అప్పుడప్పుడూ కలిసే పరిచయస్తుల ద్వారానే ఎక్కువ దొరుకుతాయని 1973లో మార్క్ గ్రానొవెటర్ తేల్చాడు. ఆ పత్రాన్ని మొదట ఓ పత్రిక తిప్పి పంపింది. మన సెలెక్షన్ కమిటీకి పంపినా తిప్పే పంపేది. పరిచయస్తులా? బొత్తిగా లోకజ్ఞానం లేనివాడు! ఇక్కడ మొదట ఊరు, తర్వాత ఇంటిపేరు, తర్వాత 'మనోడేనా?' అన్న ప్రశ్న. ఇంటిపేరు చెబితే చాలు, మిగతా గ్రాఫంతా వాళ్లే గీసుకుంటారు. అమెరికాలో నాలుగో వంతు సంస్థల్లో చదివినవాళ్లే 71 నుంచి 86 శాతం దాకా అధ్యాపక పోస్టుల్లో ఉన్నారని 2015లో క్లాజెట్ బృందం మూడు విభాగాల్లో లెక్కగట్టింది. మన దేశంలో వెయ్యి పెద్ద కంపెనీల బోర్డుల్ని చూసి, సభ్యుల్లో దాదాపు 93 శాతం పైకులాల వాళ్లేనని 2012లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో ఓ అధ్యయనం వచ్చింది. అదే కొలబద్ద తెచ్చి మన విశ్వవిద్యాలయాల పాలక మండళ్ల మీద, సెర్చ్ కమిటీల మీద పెట్టే ప్రాజెక్టుకు నిధులడగండి. ఏ హబ్ ఇస్తుందో చూద్దాం.

వీసీల కుర్చీల గురించి చెప్పకపోతే పాపం. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ప్రభుత్వం మారింది. 17 మంది వీసీలు ఒకరి వెంట ఒకరు రాజీనామా చేశారు. బెదిరించి చేయించారని పాత పార్టీ. కాదు, వాళ్లంతట వాళ్లే ఇచ్చారని కొత్త పార్టీ. అసలు వాళ్లు ఆ కుర్చీల్లోకి ఎలా వచ్చారన్న ప్రశ్న ఏ పార్టీదీ కాదు. క్యాస్కేడింగ్ ఫెయిల్యూర్ అర్థం కాని విద్యార్థులకు ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉందా? తెలంగాణలో అదే ఏడాది మేలో పది విశ్వవిద్యాలయాల వీసీల గడువు ముగిసింది. ముగుస్తుందని మూడేళ్ల ముందే తెలుసు, క్యాలెండర్లో ఉంది. అయినా అక్టోబరు దాకా ఐఏఎస్ అధికారులే ఇన్‌చార్జులు. సచివాలయంలో కూర్చుని, నడుం వాల్చే తీరిక లేని అధికారి ఒక విశ్వవిద్యాలయం నడుపుతాడు! దీన్నే హబ్ అండ్ స్పోక్ అంటారు కాబోలు.

ఇవన్నీ అలా ఉన్నా చదువు ఆగదు. ఆగకూడదు కదా. ఏటా జూన్ దాటాక పత్రికలో లోపలి పేజీలో, సంతాప ప్రకటనల పక్కన, వేలెడంత ప్రకటన వస్తుంది. మీరూ చూసే ఉంటారు. ఈసారి ఇలా ఉండొచ్చు:

'సంక్లిష్ట వ్యవస్థల అధ్యయన కేంద్రంలో నెట్‌వర్క్ సైన్స్ బోధించుటకు అతిథి అధ్యాపకుడు కావలెను. పోస్టు ఒకటి. పీహెచ్‌డీ, అంతర్జాతీయ ప్రచురణలు తప్పనిసరి. గౌరవ వేతనం పీరియడ్ లెక్కన. సెలవు దినములకు, పరీక్షల కాలమునకు, విద్యార్థులు ధర్నా చేయు దినములకు వేతనం ఉండదు. అవసరమును బట్టి ఆపరేటింగ్ సిస్టమ్స్, ఇంజనీరింగ్ డ్రాయింగ్ కూడా బోధించవలెను. అభ్యర్థులు ఒరిజినల్ సర్టిఫికెట్లు, రెండు సెట్ల జిరాక్సులతో వాకిన్ ఇంటర్వ్యూకు హాజరు కావలెను. టీఏ, డీఏ ఇవ్వబడవు. కారణం చూపకుండా ఈ ప్రకటనను రద్దు చేయు హక్కు రిజిస్ట్రార్ ఇన్‌చార్జి వారికి కలదు.'